పత్థర్‌గట్టిలో దూరం నీలంగా ఉండదు

ఆయిల్ పెయింటింగ్ నేర్చుకునేవాళ్లకు మొదట్లోనే ఒక సూత్రం చెబుతారు. దగ్గర ఉన్నవాటిని ముదురు రంగుల్లో, వార్మ్‌గా (ఎరుపు, పసుపు వైపు) వేయాలి, దూరం పోయేకొద్దీ లేతగా, నీలంగా మార్చాలి. అరకు కొండలు వేసేవాళ్లకు ఇది బ్రహ్మాండంగా పనికొస్తుంది. అదే సూత్రం పట్టుకుని హైదరాబాద్‌లో మదీనా కూడలి దగ్గర నిలబడి చార్మినార్ వైపు వెళ్లే పత్థర్‌గట్టి వీధిని వేయండి. చార్మినార్ ఏదో హిల్ స్టేషన్‌లో ఉన్నట్టు వస్తుంది. ముందున్న జనం, వెనకున్న మినార్లు రెండు వేర్వేరు ఫొటోల్లోంచి కత్తిరించి అతికించినట్టు కనిపిస్తాయి. చాలామంది అప్పుడు మరికాస్త నీలం కలుపుతారు, బొమ్మ మరికాస్త పాడవుతుంది.

మధ్యలో ఉన్న గాలి వల్ల దూరపువి మారి కనిపించడాన్ని అట్మాస్ఫియరిక్ పర్‌స్పెక్టివ్ అంటారు. ఆ మాట కింద నిజానికి మూడు నాలుగు వేర్వేరు విషయాలు కలిసిపోయి ఉన్నాయి. కొండల దగ్గర అవన్నీ ఒకే వైపు లాగుతాయి కాబట్టి విడదీయాల్సిన అవసరం రాదు. రద్దీ వీధిలో ఒక్కొక్కటి ఒక్కో వైపు లాగుతుంది.

ముందు నీలం సంగతి. గాలి అణువులు కాంతిని చెదరగొడతాయి. తరంగదైర్ఘ్యం తగ్గేకొద్దీ ఆ చెదరడం నాలుగో ఘాతంలో పెరుగుతుందని బ్రిటిష్ శాస్త్రవేత్త లార్డ్ రేలీ 1871లో లెక్క కట్టాడు. అందుకే నీలం కాంతి ఎరుపు కంటే నాలుగైదు రెట్లు ఎక్కువ చెదురుతుంది. మనకూ దూరపు కొండకూ మధ్య ఉన్న గాలి అలా నీలం కాంతిని మన కంట్లోకి పంపుతుంది కాబట్టి కొండ నీలంగా కనిపిస్తుంది. అయితే దీనికి కిలోమీటర్ల కొద్దీ గాలి కావాలి. దుమ్మూ తేమా ఏమీ లేని స్వచ్ఛమైన గాలిలో సుమారు 300 కిలోమీటర్ల దాకా చూడొచ్చంటారు. అలాంటి గాలి అర కిలోమీటరులో చెదరగొట్టే నీలం ఒక శాతం అటూ ఇటూ. బ్రష్‌తో పట్టుకోగలిగిన తేడా కాదది. మదీనా నుంచి చార్మినార్‌కు కిలోమీటరు కూడా లేదు. ఆ వీధిలో నీలం పుట్టేంత గాలే లేదన్నమాట.

మరి చలికాలం ఉదయం అక్కడ కనిపించే మసక ఏమిటి? దుమ్ము, వాహనాల పొగ, రొట్టెల భట్టీల పొగ, కాస్త తేమ. ఈ కణాలు గాలి అణువుల కంటే చాలా పెద్దవి. కాంతి తరంగదైర్ఘ్యంతో సమానంగానో ఇంకా పెద్దగానో ఉన్న కణాలు అన్ని రంగులనూ ఇంచుమించు ఒకేలా చెదరగొడతాయి. అందుకే పొగమంచు తెల్లగా, మసక బూడిద రంగులో ఉంటుంది. దుమ్మయితే నీలాన్ని కొంత మింగేస్తుంది కూడా, అప్పుడు మసక గోధుమ రంగుకు తిరుగుతుంది. కాబట్టి మన వీధుల్లో దూరం వెళ్లేకొద్దీ వస్తువుల రంగు మారేది ఆ మసక రంగు వైపు. అది నవంబరు ఉదయం లేత ముత్యం రంగు కావచ్చు, ఏప్రిల్ సాయంత్రం మట్టి కలిసిన పసుపు కావచ్చు. ఏ రంగో సూత్రం చెప్పదు. వీధి చివర, ఇళ్ల కప్పులకు కాస్త పైన, ఆకాశం కింది అంచు ఏ రంగులో ఉందో చూస్తే తెలిసిపోతుంది.

ఇక ఎంత మారుతుందన్నది. మసకలోంచి చూస్తున్నప్పుడు కాంట్రాస్ట్, అంటే వెలుగు చీకట్ల తేడా, సమానంగా తగ్గుతూ పోదు. ప్రతి వంద మీటర్లకూ మిగిలినదాంట్లోంచి అదే వంతు పోతుంది. కాంట్రాస్ట్ రెండు శాతానికి పడిపోయే దూరాన్ని విజిబిలిటీ అంటారు. పొగమంచు ఉదయం విజిబిలిటీ 2 కిలోమీటర్లు ఉందనుకుందాం. 100 మీటర్ల దూరంలో వస్తువు సొంత కాంట్రాస్ట్ 82 శాతం మిగులుతుంది, 300 మీటర్లలో 56, 500 మీటర్లలో 38. అంటే అర కిలోమీటరు అవతల ఉన్న గోడలో మనకు కనిపించేది మూడో వంతుకు పైన గోడ, మిగతాదంతా గాలి. అదే, రాత్రి వాన కురిసి తెల్లారిన ఆగస్టు రోజు విజిబిలిటీ 20 కిలోమీటర్లు ఉంటే, 500 మీటర్లలో కూడా 91 శాతం అలాగే ఉంటుంది. ఆ రోజు ఆ వీధిలో అట్మాస్ఫియరిక్ పర్‌స్పెక్టివ్ దాదాపు లేనట్టే. ఎంత కళ్లు చికిలించి చూసినా దొరకదు, ఎందుకంటే అది అక్కడ లేదు.

నాకు అసలు విషయం ఇక్కడే ఉందనిపిస్తుంది. కొండల బొమ్మలో గాలి దొరుకుతుంది. వీధి బొమ్మలో గాలిని ఎంచుకోవాలి, ఏ నెల, ఏ గంట, ఏ వైపు అని. ఆ ఎంపిక సరిగ్గా చేస్తే రంగులు కలపడం సగం సులువవుతుంది.

ఏ వైపు అన్నది చాలామంది పట్టించుకోరు. మదీనా నుంచి చార్మినార్ వైపు చూస్తే మనం దక్షిణానికి తిరిగి ఉంటాం. డిసెంబరు ఉదయం సూర్యుడు ఆగ్నేయం వైపు, మనకు ముందు ఎడమ పక్కన ఉంటాడు. దుమ్ము, పొగ కణాలు తమ మీద పడిన కాంతిని ఎక్కువగా ముందుకే పంపిస్తాయి, అంటే సూర్యుడికి ఎదురుగా చూసేవాడి కళ్లలోకి. అందుకే ఆ గంటలో వీధి వెలుగుతో నిండిపోయినట్టుంటుంది, వెనకున్న కమాన్లు ఒకదాని వెనక ఒకటి తేలిపోతాయి. అదే నిమిషంలో చార్మినార్ దగ్గర నిలబడి మదీనా వైపు చూడండి. గాలి అదే, మసక అంతే, కానీ వెలుగు వెనక నుంచి వస్తోంది కాబట్టి రంగులు గట్టిగా, అంచులు చురుగ్గా కనిపిస్తాయి. లోతు కావాలనుకునేవాళ్లు ఎండకు ఎదురు తిరిగి ఉన్న వీధిని ఎంచుకోవాలి. కళ్లకు కష్టమే, టోపీ పెట్టుకుంటే సరిపోతుంది.

ఇంకో చిక్కు నీడలది. ఆ ఉదయం ఎడమ వరస, అంటే తూర్పు వైపు దుకాణాలు, నీడలో ఉంటాయి. ఆ నీడ నీలంగా కనిపిస్తే అది దూరం వల్ల కాదు. ఎండ తగలని చోటుకు వెలుగు ఆకాశం నుంచి వస్తుంది కాబట్టి ఆకాశం రంగు అందులో ఉంటుంది. పది అడుగుల దూరంలో ఉన్న నీడకూ ఇది వర్తిస్తుంది. పైగా మసక ఎక్కువైన రోజు ఆకాశమే తెల్లబడుతుంది, నీడల్లో నీలం తగ్గిపోతుంది. అంటే మసక పెరిగేకొద్దీ వీధిలో మొత్తం నీలం పెరగదు, తగ్గుతుంది. పుస్తకంలోని సూత్రం ఇక్కడ పూర్తిగా తలకిందులైంది.

ఇప్పుడు ప్యాలెట్ దగ్గరికి. నేను సిఫారసు చేసే పద్ధతి ఒకటే. ఏ వస్తువు రంగూ కలపకముందే గాలి రంగు ఒక పెద్ద ముద్ద కలిపి పెట్టుకోవాలి. టైటానియం వైట్‌లో ఎల్లో ఓకర్ (మట్టి పసుపు) కొంచెం, అల్ట్రామెరీన్ నీలం అంతకంటే తక్కువ, గులాబీ ఛాయ కావాలంటే బర్న్ట్ సియన్నా బ్రష్ కొసతో. వీధి చివర ఆకాశం అంచుతో పోల్చి చూసి సరిచేసుకోవాలి. ఆ తర్వాత ప్రతి వరసకూ దాని సొంత రంగులో ఈ ముద్ద కొంత కలుపుతూ పోవాలి. దగ్గరి దుకాణాలకు అసలు వద్దు. దారిలో మొదట వచ్చే మచిలీ కమాన్ అనే తోరణానికి కొంత, దాని వెనక గుల్జార్ హౌజ్ ఫౌంటెన్ అవతల ఉన్న చార్మినార్ కమాన్‌కు ఇంకొంత, చివర చార్మినార్‌కు సగం పైన. పైన చెప్పిన శాతాలను కొలిచి కలపాలని కాదు. రంగులకు బలం ఒకేలా ఉండదు, అల్ట్రామెరీన్ చిటికెడు చేసే పని ఓకర్ చెంచాడు చేయదు. శాతాలు దిశ చెబుతాయి, కొలత కళ్లదే.

చాలామంది గాలి రంగు బదులు ఉత్త తెలుపు కలుపుతారు. పాలలో నీళ్లు పోసినట్టు రంగు పలచబడుతుంది గానీ ఆ వస్తువు దూరం జరగదు, సున్నం కొట్టినట్టు దగ్గరే ఉండిపోతుంది. తెలుపు కలిపితే అన్నీ లేతబడతాయి. గాలి కలిస్తే చీకటివి లేతబడతాయి, కానీ గాలి కంటే వెలుగైనవి కాస్త ముదురవుతాయి. ఎండ పడిన తెల్ల గోడ దగ్గర మెరిసిపోతుంది, అదే గోడ అర కిలోమీటరులో మాసిన గోధుమ తెలుపు. రెండు వైపుల నుంచీ అన్నీ గాలి రంగు దగ్గరికి చేరుకుంటాయి. 1591లో కట్టిన చార్మినార్ సున్నపు గచ్చు లేత గోధుమ రంగులో ఉంటుంది కాబట్టి మసకలో తేలిగ్గా కలిసిపోతుంది. ముందు వరసలో పత్థర్‌గట్టి రాతి కమాన్లు ముదురు బూడిద. 1908 మూసీ వరద తర్వాత నగరాన్ని చక్కదిద్దడానికి పెట్టిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కాలం నాటి గ్రానైటు వరస అది. వీధి వేసేవాడికి ఈ రెండింటి తేడా అయాచితంగా దొరికిన వరం.

గాలి ఎంత ఉందో కొలవడానికి ఈ వీధిలో మంచి సాధనం ఒకటుంది. నల్ల బురఖాలు. ఒకే రంగు, ఒకే రకం బట్ట, వీధి పొడవునా ప్రతి దూరంలోనూ కనిపిస్తాయి. ముందు నడుస్తున్నావిడ బురఖా నిజంగా నలుపు, మడతల్లో ఇంకా నలుపు, భుజం మీద ఆకాశం తగిలిన చోట కాస్త నీలి బూడిద. వంద మీటర్లలో మడతలు పోతాయి, నలుపు బొగ్గు రంగవుతుంది. మూడొందల మీటర్లలో అది నలుపు కానే కాదు, మధ్యస్థమైన బూడిద రంగు. ముందున్న రాతి కమాను నీడ కంటే లేతగా ఉంటుంది. బుర్ర మాత్రం అది నల్ల బురఖా అని చెబుతూనే ఉంటుంది, చెయ్యి నల్ల రంగు వైపు పోతూనే ఉంటుంది. ఒక అట్టముక్కకు రెండు చిన్న రంధ్రాలు పెట్టి, ఒకదాంట్లోంచి దగ్గరి నలుపునూ ఇంకోదాంట్లోంచి దూరపు నలుపునూ చూడండి. తేడా చూసి నమ్మబుద్ధి కాదు. ఆ రెండు బూడిదలూ కుదిరితే మిగతా బొమ్మ టోన్లన్నీ (లేత ముదురు స్థాయిలన్నీ) వాటి మధ్యే సర్దుకుంటాయి.

జనం విషయంలో గాలి కంటే కంటి పరిమితి ఎక్కువ పనిచేస్తుంది. మామూలు చూపు ఒక ఆర్క్ మినిట్ దాకా విడదీయగలదు, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు. వంద మీటర్లలో అది దాదాపు 3 సెంటీమీటర్లు. కన్ను, మీసం, చొక్కా గుండీ పోయినట్టే. అర కిలోమీటరులో 15 సెంటీమీటర్లు, ముఖం మొత్తం ఒక్క చుక్క. ఎంత స్వచ్ఛమైన గాలిలోనైనా ఇది ఇంతే. క్యాన్వాస్ మీద పది మీటర్ల దూరంలోని మనిషి 15 సెంటీమీటర్లు వస్తే, వంద మీటర్లలో మనిషి సెంటీమీటరున్నర, అయిదొందల్లో 3 మిల్లీమీటర్లు. మూడు మిల్లీమీటర్లలో మనిషిని గీయడానికి ప్రయత్నించేవాడు అక్కడ లేని వివరాన్ని కల్పిస్తున్నాడు, ఆ వివరమే దూరాన్ని ముందుకు లాగుతుంది.

నేల మీద నిలబడి వేస్తున్నప్పుడు ఇంకో సులువుంది. వీధి చదునుగా ఉంటే, మన ఎత్తు మనుషుల తలలన్నీ ఒకే గీత మీద ఉంటాయి, దగ్గరివాళ్లవీ దూరంవాళ్లవీ. పాదాలే పైకి కిందికి మారతాయి. ఆ గీత హొరైజన్. కాబట్టి దూరపు జనాన్ని మనుషులుగా మొదలుపెట్టనక్కర్లేదు. తలల గీత కింద ఒక బూడిద పట్టీ వేసి, పైఅంచున ఎండ తగిలిన తలలకు, టోపీలకు, దుపట్టాలకు లేత చుక్కలు, కింద కాళ్ల మధ్య నేల వెలుగు తొంగిచూసే చోట రెండు మూడు గీతలు. అంతటితో అది జనం అయిపోతుంది. పట్టీని అక్కడక్కడ తెంపడం మాత్రం మరిచిపోకూడదు, తెగని పట్టీ ప్రహరీగోడలా ఉంటుంది.

ఈ పనిలో ఫ్రెంచ్ చిత్రకారుడు పిస్సారోను మించినవాడు నాకు కనిపించలేదు. కంటి జబ్బు వల్ల గాలికీ దుమ్ముకూ బయట కూర్చోలేక 1897లో పారిస్ హోటల్ గది కిటికీలోంచి బులెవార్ మోంమార్త్ర్ వీధిని 14 సార్లు వేశాడు. మబ్బు ఉదయం, ఎండ, వాన, ఒకటి రాత్రి. వీధి మారలేదు, కిటికీ మారలేదు, గాలి మారింది. మబ్బు ఉదయాన్ని, ఎండ మధ్యాహ్నాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే, బండ్లూ జనమూ దాదాపు అవే చుక్కలు. తేడా అంతా వీధి చివర ఎంత చీకటికి చోటిచ్చాడన్న దాంట్లోనే ఉంది. పైఅంతస్తు నుంచి చూశాడు కాబట్టి ఆయనకు తలల గీత సులువు లేదు. జనం నేల మీద పరుచుకుని కనిపిస్తారు, హొరైజన్ వాళ్ల తలలకు బాగా పైన ఉంటుంది. పత్థర్‌గట్టిలో ఏదైనా మేడ మీద చోటు దొరికినవాళ్లకూ అంతే.

రంగుల్లో ఎరుపును అదుపులో పెట్టడం కష్టం. దూరంలో ఒక ఎర్ర చీర నిజంగానే కనిపిస్తుంది, అక్కడ ఉంది కూడా. ఉన్నది ఉన్నట్టు కాడ్మియం రెడ్‌తో చుక్క పెడితే అది క్యాన్వాస్ మీద నుంచి ముందుకు దూకుతుంది. గాలి ముద్దలో ముంచి ఇటుక రంగుకు తెచ్చి పెట్టాలి, లేదా తీసేయాలి. నేనైతే తీసేస్తాను. పసుపు ఆటోలకు ముందు వరసలో చోటివ్వండి, వెనక వరసలో అవి గడ్డి రంగు చతురస్రాలు. పండ్ల బండ్లు, దుకాణాల ముందు వేలాడే బట్టలు, ఇవన్నీ మొదటి ఇరవై ముప్పై మీటర్ల సంబరం. బోర్డుల మీద అక్షరాలు చదవగలిగేలా రాసేది ముందు ఒకటో రెండో. అక్షరం ఉన్న చోటికి కన్ను పోతుంది, ఏ భాషలో ఉన్నా.

కరెంటు తీగల గురించి ఏ పుస్తకంలోనూ చూడలేదు గానీ మన వీధి బొమ్మల్లో లోతును చంపేది ఎక్కువగా అవే. అందరూ చివర్లో సన్నని రిగ్గర్ బ్రష్‌తో, ఒకే నలుపుతో, క్యాన్వాస్ ఈ చివర నుంచి ఆ చివరకు లాగేస్తారు. తీగ దూరం వెళ్లేకొద్దీ సన్నబడడమే కాదు, ఆకాశం రంగులో కరిగిపోవాలి. వంద మీటర్లలో కంటికి అందే 3 సెంటీమీటర్ల కంటే తీగ సన్నం కాబట్టి అది నల్ల గీతగా కాక లేత బూడిద గీతలా మాత్రమే కనిపిస్తుంది. వెనక తీగలు వేయకపోతే ఎవరూ అడగరు.

ఆయిల్‌లో ఇవన్నీ ఎలా చేయాలన్నదానికి రంగు ఎండే తీరు ముఖ్యం. ఈ రంగుల్లో ఉండే అవిసె నూనె (లిన్సీడ్ ఆయిల్) నీళ్లలా ఆరిపోదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. అందుకే కింది పొరలు టర్పెంటైన్‌తో పలచగా, పైపొరలు నూనె ఎక్కువగా ఉండాలి. తలకిందులు చేస్తే పైపొర ముందు ఎండి, కింది పొర కదిలి, కొన్నేళ్లకు పగుళ్లిస్తుంది. తెల్ల క్యాన్వాస్ మీద గాలి రంగుకు దగ్గరగా ఉండే బూడిద గోధుమ పూత పూసి ఆరనిస్తే సగం పని ముందే అయినట్టు. తర్వాత దూరం నుంచి దగ్గరికి రావాలి. ఆకాశం, చార్మినార్, వెనక కమాన్లు ఒకే విడతలో, తడి మీద తడి వేస్తే అంచులు వాటంతటవే మెత్తబడతాయి. ముందు వరసను ఆరిన తర్వాత గట్టి అంచులతో.

వెనక వరస మరీ గట్టిగా వచ్చేసిందా? గీకేయనక్కర్లేదు. పూర్తిగా ఆరాక, లేత గాలి రంగును దాదాపు పొడి బ్రష్‌తో కింది పొర కనిపించేంత పలచగా రుద్దాలి. దీన్ని స్కంబ్లింగ్ అంటారు. ఇక్కడ ఒక తమాషా ఉంది. చీకటి మీద తెలుపును పలచగా రుద్దితే నీలం చుక్క కలపకపోయినా నీలంగా కనిపిస్తుంది. అగరుబత్తి పొగ నల్ల తలుపు ముందు నీలంగా, వెలుగున్న కిటికీ ముందు గోధుమగా కనిపించడం కూడా ఇలాంటిదే. పొగ రంగు వెనకున్నదాన్ని బట్టి మారుతుందని లియొనార్డో డా విన్చీ తన నోట్సులో రాసుకున్నాడు. కాబట్టి దుమ్ము వీధికి స్కంబుల్ చేసేటప్పుడు తెలుపులో ఓకర్ ఇంకాస్త ఎక్కువ వేసుకోవాలి. లేకపోతే వద్దనుకున్న నీలం వెనక గుమ్మంలోంచి లోపలికొస్తుంది.

ఫోన్ ఫొటో చూసి వేసేవాళ్లకు వేరే సమస్య. ఇప్పటి ఫోన్లు ఫొటో తీయగానే నీడలను ఎత్తి, దూరంలో కాంట్రాస్ట్ పెంచి, మసకను వీలైనంత తుడిచేసి చూపిస్తాయి. మనం వెతికే గాలిని ఫోన్ ముందే తీసేసిందన్నమాట. ఫొటో పెట్టుకోండి, కానీ గీతలకూ కమాన్ల కొలతలకూ మాత్రమే. టోన్లకు అక్కడ నిలబడి పెన్సిల్‌తో వేసిన అరచేతంత స్కెచ్ చాలు. నాలుగైదు బూడిద ఛాయలు, పక్కన ఆ రోజు, ఆ గంట, ఎండ ఏ వైపో రాసుకుంటే చాలు.

బొమ్మ పూర్తయి రెండు మూడు వారాలయ్యాక కొందరికి కొత్త టెన్షన్ మొదలవుతుంది. వేసినప్పుడు ఉన్న లోతు ఎక్కడికో పోయింది. కారణం చాలాసార్లు ముందు వరస చీకట్లే. ముదురు గోధుమ రంగు అంబర్, ఐవరీ బ్లాక్ లాంటి రంగులు ఎండేటప్పుడు వాటి నూనె కింది పొర లాగేసుకుంటే పైన మెరుపు పోయి, పొడిబారి, బూడిదగా తేలతాయి. ముందు చీకటి లేతబడితే వెనక చీకటితో తేడా తగ్గుతుంది, వీధి చప్పగా అయిపోతుంది. అలాంటప్పుడు చీకట్లు మళ్లీ వేయడానికి తొందరపడకూడదు. బొమ్మ ముట్టుకుంటే అంటనంతగా ఆరాక, ఆ మచ్చల మీద మాత్రమే కొద్దిగా లిన్సీడ్ ఆయిల్‌లో టర్పెంటైన్ కలిపి పలచగా రాసి, ఒక్క నిమిషమాగి మెత్తని గుడ్డతో మిగులు తుడిచేయాలి. నలుపు మళ్లీ లోపలికి దిగుతుంది. తుడిచిన గుడ్డను ఉండ చుట్టి మూల పడేయకండి. అవిసె నూనె గుడ్డ ఎండేటప్పుడు వేడెక్కి తనంతట తానే అంటుకోవచ్చు, పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్లలో తడిపి పారేయాలి. ఆఖరి వార్నిష్‌కు కనీసం ఆరు నెలలు ఆగండి, ముందు వరసలో రంగు మందంగా వేసి ఉంటే ఇంకా ఎక్కువే.